వాల్వు మన పొలంలో, తాళం ఎవరి చేతిలో?

డ్రిప్పు రైతుకు ఇప్పుడు కొత్త మాట వినిపిస్తున్నారు: ఆటోమేషన్. తోటలోకి వెళ్లక్కర్లేదట, ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోను నొక్కితే ఏ మడికి ఎంతసేపు కావాలో అంతసేపు నీళ్లు పారతాయట. కంపెనీల ఏజెంట్లు ఇదే చెబుతున్నారు, సదస్సుల్లో అధికారులూ ఇదే చెబుతున్నారు. కరపత్రం మీద బొమ్మలో రైతు చొక్కా నలగకుండా, కాలికి మట్టి అంటకుండా నవ్వుతూ ఉంటాడు. ఆ బొమ్మలో కనపడనిది ఒకటుంది. సబ్‌మెయిన్ దగ్గర గుంటలో కూర్చుని ఆ పనంతా చేసే వస్తువు. పేరు సోలినాయిడ్ వాల్వు. మన వాళ్లు కరెంటు వాల్వు అంటున్నారు, ఆ పేరే బాగుంది. ఫోను నీళ్లు వదలదు, యాప్ నీళ్లు వదలదు. వదిలేదీ ఆపేదీ ఈ పిడికెడు వస్తువే. దీన్ని ఎలా తయారు చేయాలి, ఎక్కడ చేయాలి, చెడితే ఎవరు బాగు చేయాలి అన్నవి ఇంజనీర్లకు వదిలేసి ఊరుకునే ప్రశ్నలు కావు. రైతు సంఘం తలదూర్చవలసిన ప్రశ్నలే అంటున్నాం మేము.

ముందే ఒక మాట. మేము యంత్రానికి వ్యతిరేకులం కాదు. తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, ఎ.కొండూరు మండలాల్లో పిల్లలు హైదరాబాదులో ఉంటే అరవై దాటిన తల్లిదండ్రులు తోటలు చూసుకుంటున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తెల్లారకముందే టార్చిలైటు పట్టుకుని, పాము ఉందేమో చూసుకుంటూ వాల్వు తిప్పడానికి పోయే మనిషికి అది తనంతట తానే తిరిగితే ఎంత మేలో మాకు తెలుసు. కాపుకొచ్చిన పామాయిల్ చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 150 నుంచి 250 లీటర్ల నీళ్లు పెట్టాలంటారు. కరెంటు ఉన్న గంటల్లోనే తోటను మడులుగా విడగొట్టి ఒకదాని తర్వాత ఒకటి తడపాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదది. కాబట్టి మా తగువు వస్తువుతో కాదు. దాన్ని తయారు చేస్తున్న తీరుతో, మన చేతికి అంటగడుతున్న తీరుతో.

దాని పొట్టలో ఏముందో తెలిస్తే తగువెక్కడుందో తెలుస్తుంది.

రాగి తీగ చుట్టలో కరెంటు పారితే ఆ చుట్ట అయస్కాంతం అవుతుంది. చుట్టను కాయిల్ అంటారు. దాని నడుమ గొట్టంలో ఉన్న ఇనుప పుల్లను, అంటే ప్లంజరును, అది పైకి లాగుతుంది. ఆ పుల్లే నీటికి అడ్డంగా ఉంటుందనీ, అది లేస్తే నీళ్లు పోతాయనీ చాలామంది అనుకుంటారు. రెండంగుళాల పైపులో పంపు తోస్తున్న నీటిని ఎదిరించి తలుపు ఎత్తే బలం ఆ చిన్న కాయిల్‌కు ఎక్కడిది? అసలు తలుపు ఒక రబ్బరు పొర, డయాఫ్రం. పొర కింద నీరుంటుంది, పొర పైన చిన్న గదిలోనూ అదే నీరుంటుంది. పైనుంచి నీరు నొక్కే చోటు వెడల్పు ఎక్కువ, పైగా స్ప్రింగు ఉంటుంది, అందుకని పొర మూసుకునే ఉంటుంది. ప్లంజరు లేచినప్పుడు ఆ గదిలోంచి సూదిబెజ్జమంత దారి తెరుచుకుంటుంది. గదిలో నీరు జారిపోతుంది, పైన ఒత్తిడి పడిపోతుంది, కింది నీరు తన బలంతోనే పొరను లేపుకుని వెళ్లిపోతుంది. కరెంటు ఆగగానే ప్లంజరు దిగి బెజ్జం మూస్తుంది, గది మళ్లీ నిండుతుంది, పొర కూర్చుంటుంది. అంటే కరెంటు తీసేది గడియ మాత్రమే, తలుపు తీసుకునేది నీరే. పావు ఆంపియరు అటూ ఇటూ కరెంటుతో 24 వోల్టుల కాయిల్ అంత పైపును ఏలగలగడానికి కారణం ఇదే. బ్యాటరీతో నడిచే లాచింగ్ రకమైతే తెరవడానికి ఒక దెబ్బ, మూయడానికి ఒక దెబ్బ కరెంటు ఇస్తే చాలు. మధ్యలో ప్లంజరును పట్టి ఉంచేది శాశ్వత అయస్కాంతం.

చక్కటి ఆలోచన, కాదనం. కానీ దాని బలహీనత కూడా ఆ సూదిబెజ్జంలోనే ఉంది. మన బోర్లలో ఇసుక వస్తుంది, సున్నం వస్తుంది, తుప్పు వస్తుంది. కాలువ నీరైతే ఒండ్రు, నాచు. బెజ్జం పూడితే వాల్వు చెప్పినట్టు వినదు. పొర కింద ఒక్క రాతి పలుకు ఇరుక్కుంటే మూసుకోదు, రాత్రంతా ఒకే మడికి నీళ్లు పోయి తక్కిన తోట ఎండుతుంది. ఇలాంటి వాల్వుల్లో చాలావాటికి కనీసం ఏడు మీటర్ల నీటిమట్టమంత ఒత్తిడి ఉంటేనే పొర సరిగ్గా పనిచేస్తుంది. మే నెలలో బోరు దిగిపోయి, లైను చివర వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతున్నప్పుడు ఆ ఒత్తిడి ఎక్కడ నుంచి వస్తుంది? ఏసీ కాయిల్ విషయంలో ఇంకో సంగతి ఉంది. ప్లంజరు పూర్తిగా పైకి చేరితేనే కాయిల్ లాగే కరెంటు తగ్గుతుంది. ఇసుక పలుకు అడ్డుపడి సగంలో ఆగితే ఎక్కువ కరెంటు అలాగే పారుతూ ఉంటుంది, కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. చచ్చింది కాయిల్, చంపింది ఇసుక.

ఈ సంగతి ఎందుకు సాగదీశామంటే, మా సభ్యుడొకరి మామిడి తోటలో సరిగ్గా ఇదే జరిగింది. నాలుగు వాల్వులు బిగించారు. రెండో ఎండాకాలానికి రెండు ఆగిపోయాయి. డీలరు వచ్చి చూసి "మీ కరెంటు బాగాలేదు, కాయిల్ కాలింది, దీనికి వారంటీ రాదు" అని తేల్చేశాడు. పోనీ డబ్బిచ్చే కొంటాం, కాయిల్ ఒక్కటే ఇమ్మంటే విడిగా రాదన్నాడు. వాల్వు మొత్తం కొనాలి. వాల్వు కొనబోతే ఆ మోడలు ఆపేశారన్నాడు. కొత్త మోడలు పాత కంట్రోలరుతో కలవదు, అదీ మార్చాలి. ఆ రైతు లెక్క వేసుకుని నాలుగూ పీకి పారేసి మామూలు బాల్ వాల్వులు బిగించుకున్నాడు, మళ్లీ టార్చిలైటు పట్టాడు. పీకేసిన వాటిలో ఒకదాన్ని వైండింగ్ షాపులో విప్పించాం. ప్లంజరుకూ గొట్టానికీ మధ్య ఇసుక గీతలు పడి ఉన్నాయి.

మన నీళ్లకు తట్టుకునే వాల్వు ప్రపంచంలో లేదా అంటే ఉంది. బెజ్జం ముందు తనను తాను కడుక్కునే చిన్న జల్లెడ పెట్టవచ్చు. నీరు పారే దారితో సంబంధం లేకుండా పై గదిని నింపి ఖాళీ చేసే మూడు దారుల పైలట్ పెట్టవచ్చు. నైలాను గుడ్డ కలిపిన గట్టి రబ్బరు పొర వేయవచ్చు. నాలుగు స్క్రూలు తీస్తే మూత ఊడివచ్చేలా, కడిగి మళ్లీ బిగించుకునేలా చేయవచ్చు. కరెంటు లేనప్పుడు చేత్తో తెరుచుకునే మర పెట్టవచ్చు. ఇవేవీ రహస్యాలు కావు, ఇవన్నీ ఉన్న వాల్వులు అమ్ముతున్నారు కూడా. కాకపోతే అవి కాస్త ఖరీదు. శుభ్రమైన నీళ్లతో పచ్చికకు, పూలకుండీలకు పెట్టుకునే చవక వాల్వును తెచ్చి ఇసుక బోరుకు బిగించి, కాలిపోతే కరెంటు మీదకు నెట్టడం లాభసాటి వ్యవహారం.

మోటారు కాలితే మనం ఏం చేస్తాం? తిరువూరు తీసుకెళ్లి వైండింగ్ షాపులో వేస్తాం, రాగి తీగ కొత్తగా చుట్టి ఇస్తారు. స్టేటరు గాడుల్లో లెక్క తప్పకుండా మూడు ఫేజులు చుట్టేవాడికి, ఒకే బాబిన్ మీద ఒకే దిక్కుగా చుట్టిన సోలినాయిడ్ కాయిల్ ఒక లెక్కా? లెక్క కాదు. కానీ చుట్టనివ్వరు. నీరు దిగకుండా కాయిల్ మీద రెజిన్ పోసి మూసేస్తారు. అందులో న్యాయం ఉంది, మట్టిగుంటలో ఉండే కాయిల్‌లోకి తేమ దిగకూడదు. అలాంటప్పుడు ఆ కాయిల్ బల్బులా దొరకాలి. బల్బు ఏ కంపెనీదైనా మన ఇంటి హోల్డరులో కూర్చుంటుంది. ఐఎస్ 4985 ముద్ర ఉన్న 63 ఎంఎం పీవీసీ పైపు ఎవరిది కొన్నా, ఇంకొకరి ఎల్బో దానికి ఎక్కుతుంది. డ్రిప్పు లేటరల్‌కు ఐఎస్ 12786 ఉంది. కాయిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మర, ఒక్కో గొట్టం సైజు, ఒక్కో కనెక్టరు. ఇది సాంకేతిక అవసరం కాదు, రైతును ఒకే దుకాణానికి కట్టేసే పలుపుతాడు.

(ఈ పలుపు తెగేదాకా పనికొచ్చే చిట్కా ఒకటి: 24 వోల్టుల ఏసీ కాయిల్ రెండు తీగలూ విప్పి మల్టీమీటరు పెట్టండి. సుమారు 20 నుంచి 60 ఓములు చూపిస్తే కాయిల్ బతికే ఉంది, లోపం ఇసుకలోనో పొరలోనో తీగలోనో ఉంది. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది. సున్నాకు దగ్గరగా చూపిస్తే లోపల కాలి కలిసిపోయింది. లాచింగ్ రకానికి ఈ అంకెలు పనికిరావు. డీలరు మాట నమ్మి కొత్తది కొనే ముందు ఈ రెండు నిమిషాల పని చేయండి.)

ఇక ప్రభుత్వం సంగతి. మన రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలైంది, ఇరవై ఏళ్లు దాటింది. కేంద్రం లెక్కలో చిన్న, సన్నకారు రైతుకు 55 శాతం, మిగతావారికి 45 శాతం రాయితీ. దానిపై రాష్ట్రం తన వంతు కలుపుతుంది. మంచిదే. కానీ రాయితీ అంతా బిగించే రోజుకే. బిగించి ఫొటో తీసుకున్నాక ఆ పరికరం పనిచేస్తోందా, మూలన పడిందా అడిగే దిక్కు లేదు. అదే భూమికి మళ్లీ రాయితీ కావాలంటే ఏడేళ్లు ఆగాలి. ఏడేళ్లు బతకాలని వాళ్లే లెక్క కట్టిన సామాను రెండో ఏట ఆగిపోతే జవాబు చెప్పేదెవరు? రాయితీ సొమ్ము మన పేరుతో వెళ్లేది కంపెనీకే కదా. ఆ సొమ్ముకు షరతు పెట్టే హక్కు ప్రభుత్వానికి లేదా? కాయిల్, పొర, ప్లంజరు, స్ప్రింగు విడివిడిగా ఏడేళ్లపాటు మండల కేంద్రంలో దొరికేలా చూడని కంపెనీని రాయితీ జాబితాలోంచి తీసేయమంటున్నాం. ఒక్క జీవోతో అయ్యే పని.

పన్నుల తమాషా కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రిప్పు, స్ప్రింక్లర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రైతుకు కానుక అన్నారు. ఆ డ్రిప్పు సెట్టులో వాల్వు చెడి, విడిగా ఒక్కటి కొనబోతే అది 8481 నంబరు పద్దులో కుళాయిలు, వాల్వులతో కలిసి 18 శాతానికి ఎక్కుతుంది. కొత్త సెట్టు కొనేవాడికి 5, పాతదాన్ని బాగు చేసుకుని నడుపుకునేవాడికి 18. పొదుపు చేసేవాడికి జరిమానా!

బాగు చేసుకునే హక్కు మేము కొత్తగా కనిపెట్టింది కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ హక్కు మీద ఒక కమిటీ వేసింది. అది ముందుగా చేపడతామన్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి. ఫోన్లు, కార్లు, ఇంటి సామాన్లు మిగతా మూడు. అమెరికాలో ట్రాక్టరు సాఫ్ట్‌వేరుకు తాళం వేసి డీలరు తప్ప ఎవరూ విప్పకూడదన్న కంపెనీల మీద అక్కడి రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలను రైతే బాగు చేసుకునేలా విడిభాగాలు, పుస్తకాలు, పనిముట్లు ఇవ్వాలని చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అమలు. వేల ఎకరాల ఆసామికే అక్కడ ఆ చట్టం కావలసి వచ్చిందంటే, మూడెకరాల మామిడి తోట రైతుకు ఇక్కడ అక్కర్లేదా?

తయారీ మాటకొద్దాం. "ఇదంతా పెద్ద సాంకేతికం, మన వల్ల కాదు" అనే మాట మేము ఒప్పుకోం. వాల్వు ఒళ్లు గాజు నార కలిపిన నైలానుతో అచ్చు పోస్తారు. ప్లాస్టిక్ అచ్చుల విద్య నేర్పే కేంద్ర సంస్థ సిపెట్ విజయవాడ పక్కన సూరంపల్లిలోనే ఉంది. లేతు పని, స్ప్రింగులు, రబ్బరు పని విజయవాడ ఆటోనగర్‌లో దొరకనిదెప్పుడు? బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, మన నీటిని బెంచి మీద పెట్టి వేల సార్లు తెరిచి మూసి పరీక్షించే పని వాళ్లది. కష్టమైన భాగాలు లేవని అనడం లేదు. రబ్బరు మిశ్రమం కుదరడం కష్టం, తుప్పు పట్టకుండా అయస్కాంతానికి లొంగే స్టీలు తేవాలి, అచ్చులకు లక్షలు అవుతాయి. ఒక చిన్న వర్క్‌షాపు ఒంటరిగా మోయలేని ఖర్చే. అందుకే డిజైను ప్రభుత్వ సొమ్ముతో తయారై అందరికీ తెరిచి ఉంచాలంటున్నాం. డ్రాయింగులు, కొలతలు, రబ్బరు గ్రేడు, కాయిల్ చుట్ల లెక్క అచ్చేసి పెట్టాలి. ఎవరైనా చేయొచ్చు, ఎవరైనా అమ్మొచ్చు. నకిలీలు వస్తాయని కంపెనీలు భయపెడతాయి. నకిలీని ఆపేది ఐఎస్ఐ ముద్ర, పరీక్ష. ఒక్కరి గుత్తాధిపత్యం కాదు. పీవీసీ పైపులో ఇది రుజువైంది.

ఇంతదాకా చెప్పింది తోటలోపలి వాల్వు గురించి. అసలు భయం తోట బయటి వాల్వు గురించి.

2025 ఏప్రిల్ 9న కేంద్ర మంత్రివర్గం 1,600 కోట్ల రూపాయలతో ఆయకట్టు నీటి నిర్వహణను ఆధునికీకరించే పథకాన్ని ఆమోదించింది. కాలువ నుంచి పొలం దాకా, హెక్టారు వరకు, భూమి లోపలి పైపుల్లో ఒత్తిడితో నీరు పంపుతారట. స్కాడాతో, ఇంటర్నెట్ పరికరాలతో నీటిని లెక్క కడతారట. స్కాడా అంటే ఎక్కడో గదిలో కంప్యూటరు తెర ముందు కూర్చుని పంపులను, వాల్వులను నడిపే ఏర్పాటు. ముందు ప్రయోగాత్మకంగా చేసి, తర్వాత దేశమంతటికీ పథకం తెస్తామన్నారు. అంటే రేపు సాగర్ ఎడమ కాలువ మీద మన తూము షట్టరు ఉన్న చోట కరెంటుతో తెరుచుకునే వాల్వు వస్తుంది.

సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. ఎడమ కాలువ మూడో జోనులో, చిట్టచివర ఉన్న మన భూములకు నీటి లెక్కలు కాగితం మీద ఎప్పుడూ సరిపోతూనే ఉన్నాయి, పొలంలోనే సరిపోవడం లేదు. రాష్ట్రం విడిపోయాక పై జోన్లు తెలంగాణలో, చివర మనం. ఆదుకుంటుందన్న చింతలపూడి ఎత్తిపోతల ఇంకా పూర్తి కాలేదు. ఇలాంటి చోట వాల్వు వస్తే చివరి రైతుకు న్యాయం జరగవచ్చు, నిజమే. పైవాడు రాత్రికి రాత్రి షట్టరు ఎత్తుకోలేడు. ఆ మేలును మేము తక్కువ చేయం. కానీ లస్కరు తూము కట్టేస్తే వాడి ఇంటి ముందు కూర్చుని అడిగే దారి మనకుంది. నీటి సంఘం అధ్యక్షుణ్ణి నిలదీసే దారి ఉంది. గదిలో కంప్యూటరు, ఆ కంప్యూటరు వెనక కంపెనీ సర్వరు తూము కట్టేస్తే ఎవరి ఇంటి ముందు కూర్చోవాలి? కృష్ణా నీటితోనే కర్ణాటకలో, బాగల్‌కోట జిల్లా హునగుంద తాలూకా రామథాల్ దగ్గర సుమారు 24 వేల హెక్టార్లకు ఆటోమేటిక్ డ్రిప్పు వేశారు. ప్రపంచంలోకెల్లా పెద్దదని చాటారు. చాలామంది రైతులు దాన్ని వాడుకోలేకపోయారు, పరికరాలు పొలాల్లో పాడుపడ్డాయి. పైపులు, వాల్వులు రైతు దగ్గరికి వచ్చాయి కానీ వాటి మీద పెత్తనం, వాటిని బాగు చేసే ఏర్పాటు రాలేదు.

ఇంకో సంగతి మరిచిపోవద్దు. 2004 నుంచి ఉచిత కరెంటు వచ్చింది, 2020లో నగదు బదిలీ పేరుతో మోటార్లకు మీటర్లు అన్నారు. లెక్క కోసమే, బిల్లు కోసం కాదన్నారు. రైతాంగం నమ్మలేదు, వీధుల్లోకి వచ్చింది. ఇప్పుడు నీటి లెక్క అంటున్నారు. లెక్కకు భయపడే అవసరం మనకు లేదు, చివరి భూముల రైతుకు లెక్కే కావాలి. ఆ లెక్క ముందు ఎవరి చేతికి వస్తుందన్నదే ప్రశ్న.

కాబట్టి ఏ కాలువ మీద కరెంటు వాల్వు పెట్టినా ఆ తూము దగ్గర చేత్తో తిప్పే మర ఉండాలి, దాని తాళంచెవి నీటి సంఘం దగ్గర ఉండాలి. వాల్వు ఎప్పుడు తెరుచుకుంది, ఎంత నీరు వెళ్లింది అన్న పట్టిక తెలుగులో రోజూ సంఘం బోర్డు మీద పడాలి, పైవాళ్లదీ కిందివాళ్లదీ కలిపి. సర్వరు ఆగినా, కంపెనీ కాంట్రాక్టు ముగిసినా, బకాయిలు రాలేదని వాళ్లు చేతులెత్తేసినా నీరు ఆగకూడదు. బకాయిల పేరుతో డ్రిప్పు కంపెనీలు పని ఆపేసిన ఏళ్లు ఈ రాష్ట్రంలో చూశాం, ఇది ఊహ కాదు. 1997 చట్టం నీటి యాజమాన్యం రైతుల సంఘాలదేనంది, 2024 డిసెంబరులో ఆ సంఘాలకు ఎన్నికలూ జరిపారు. ఎన్నికైనవాళ్లు ఇప్పటినుంచే తమ తమ సమావేశాల్లో ఈ షరతులు తీర్మానం చేసి జలవనరుల శాఖకు పంపాలని కోరుతున్నాం. టెండరు పిలిచాక పంపితే అది ఎవరూ చదవరు.

తోటల్లో ఆగిపోయిన కరెంటు వాల్వులు ఉన్నవాళ్లు వాటిని పాతసామాను వాడికి అమ్మొద్దు. వాల్వు, కాయిల్ మీద వోల్టేజీ రాసిన చీటీ, కొన్న బిల్లు, బిగించిన తేదీ, డీలరు ఏమన్నాడో రాసిన కాగితం కలిపి మండల సంఘానికి ఇవ్వండి. విప్పి చూసి, ఇసుక వల్ల పోయినవి ఎన్ని, కరెంటు వల్ల పోయినవి ఎన్ని, విడిభాగం దొరక్క మూలపడినవి ఎన్ని అని రాసుకుని, ఆ సంచీ పట్టుకునే ఉద్యాన శాఖ కార్యాలయానికి వెళ్దాం.